గడ్డి గోడల ఇల్లు



ఈ నెల మన పేజీలో గడ్డితో కట్టే గోడల గురించి వ్రాస్తున్నాము. నవ్వకండి. మొదట వినినప్పుడు మేమిద్దరమూ నవ్వినవారమే.

మేము కాపురముండేది చిక్కడపల్లిలో. ఇంటినుండి పది నిమిషాలు నడిస్తే అశోక్ నగర్, అక్కడి సిటీ సెంట్రల్ లైబ్రరీ. ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలతో ఆ వీధులన్నీ ఎప్పుడూ కిటకిటలాడుతూ ఉంటాయి. వారిలో చాలామంది మీ ఊళ్ళనుండి, మీ సంఘాలనుండి వచ్చిన పిల్లలే. వాళ్ళు ఎక్కడ పడుకుంటారో తల్లిదండ్రులైన మీరు ఎప్పుడైనా చూశారా? మూడంతస్తుల మేడమీద, నీళ్ళ ట్యాంకు పక్కన, సిమెంటు రేకులు కప్పిన గదుల్లో. అద్దె తక్కువ గనుక అదే వాళ్ళకు దొరుకుతుంది. ఒక్కో గదిలో ముగ్గురు, నలుగురు. ఏప్రిల్, మే నెలల్లో పగలు పన్నెండు దాటితే ఆ గదిలో కూర్చోవడం మనిషివల్ల కాదు.

మిర్యాలగూడ దగ్గర ఒక ఊరిలో మాకు అన్నవంటి మిత్రుడు ఉన్నాడు. ఆయన కుమారుడు అలాంటి గదిలోనే ఉండి చదువుకుంటున్నాడు. ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంటికి భోజనానికి వస్తాడు. కిందటి ఏడు ఒక ఆదివారం అన్నం ముందు కూర్చునే నిద్రపోయాడు. లేపితే సిగ్గుపడి, "రాత్రి ఒంటిగంట దాకా గదిలోకి పోలేము చిన్నాయనా. పొద్దున లైబ్రరీల కూర్చుంటే నిద్రొస్తున్నది" అన్నాడు. పరీక్ష నెలన్నర దూరంలో ఉంది. వాళ్ళ నాయన ఆ చదువు కోసం అప్పు చేసిన సంగతి మాకు తెలుసు.

ఆ మధ్యాహ్నమే మేము ఆ గది చూడబోయాము. రేకుమీద చెయ్యి పెట్టలేకపోయాము. రేకు ఎండకు వెంటనే కాగుతుంది, ఎండ పోగానే చల్లారుతుంది గదా, మరి రాత్రి ఒంటిగంట దాకా వేడి ఎందుకు అని అడిగాము. కింద ఉన్న కాంక్రీటు స్లాబు, చుట్టూ ఉన్న నాలుగంగుళాల ఇటుక గోడలు పగలంతా వేడిని మింగి రాత్రంతా కక్కుతున్నాయి. పైన పలుచని రేకు, కింద నిప్పుల కుంపటి. 2015 మే నెల వడగాల్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు రెండింటిలో కలిపి వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఎండను తేలికగా తీసుకునే రోజులు పోయాయి.

ఇక మేము చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. మిత్రుడు ఊరినుండి బియ్యం వేసుకుని వచ్చే డి.సి.ఎం. బండిలో వరిగడ్డి కూడా వేసి పంపాడు. ఇంటివారిని బతిమాలి, ఆ రేకులమీద అడుగు మందాన గడ్డి పరిచి, పాత చీరలు పేనిన తాళ్ళతో కట్టాము. మొదటి పది రోజులు ఎంత చల్లగా ఉందో చెప్పలేము. అబ్బాయి మధ్యాహ్నం పూట గదిలో కూర్చుని చదువుకున్నాడు. మేము గర్వపడి, గుడి బయట నలుగురికి చెప్పుకున్నాము కూడా.

పదకొండో రోజు గాలివాన వచ్చింది. సగం గడ్డి గల్లీలో ఎవరి బట్టలమీద పడిందో, ఎవరి మోరీలో చేరిందో ఆ దేవునికే తెలుసు. మిగిలిన సగం తడిసి నాలుగు రోజుల్లో ముక్కిపోయింది. పుట్టగొడుగులు మొలిచాయి. దాని వెంట ఎలుకలు. ఇంటివారు పైకి వచ్చి చూసి, "ఎవరింట్లో పెళ్ళయినా పటాకులు కాలుస్తరు. ఒక్క రాకెట్టు ఇక్కడ పడితే గల్లీ మొత్తం అంటుకుంటది. మీకేమైనా బుద్ధి ఉన్నదా?" అని అడిగారు. జవాబు చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదు. గడ్డినంతా పదకొండు గోనె సంచుల్లోకి ఎత్తి దింపాము.

అయితే ఆ పది రోజుల చల్లదనం మాత్రం అబద్ధం కాదు. గడ్డి ఎండను ఆపింది. దానిని వాన, నిప్పు, ఎలుక ఈ మూడింటినుండి కాపాడలేకపోయినది మేము. కాపాడిన వారు ఎక్కడైనా ఉన్నారా అని వెదకడం మొదలుపెట్టాము. ఉన్నారు.

అమెరికా దేశంలో నెబ్రాస్కా అనే రాష్ట్రంలో ఇసుక దిబ్బల ప్రాంతం ఒకటి ఉంది. నూరేళ్ళకు పైబడిన మాట. అక్కడికి వలస వచ్చిన రైతులకు ఇల్లు కట్టుకుందామంటే కలప లేదు, మట్టిచూస్తే ఇసుక, గోడ నిలువదు. ఉన్నదల్లా గడ్డి. అప్పటికి గడ్డిని నొక్కి పెట్టెల్లాగా కట్టలు కట్టే యంత్రాలు, గుర్రాలతో తిప్పేవి, వచ్చాయి. ఆ కట్టలనే పెద్ద ఇటుకల్లా పేర్చి, రెండు వైపులా పూత పూసి ఇళ్ళు కట్టుకున్నారు. మొదట్లో కట్టిన ఒక బడికి పూత వేయలేదట, దాన్ని పశువులు తినేశాయని చెబుతారు. ఈ మాట మిత్రునికి ఫోనులో చెబితే, "మరి మా బర్లు ఊకుంటయా?" అన్నాడు.

అదే రాష్ట్రంలో ఆర్థర్ అనే చిన్న ఊరు ఉంది. 1928లో అక్కడి విశ్వాసులు ఇలాగే గడ్డి కట్టలతో ఒక ప్రార్థనా మందిరం కట్టుకున్నారు. పిల్‌గ్రిమ్ హోలీనెస్ సంఘం వారిది. రై అనే ధాన్యపు గడ్డి, దాదాపు రెండడుగుల మందం గోడలు, లోపల బయట పూత. వెనుక భాగంలోనే దైవసేవకుని కుటుంబానికి వసతి. ఆరాధనలు ఆగిపోయి ఇప్పుడది చూపుడు మందిరంగా ఉంది. తొంభై ఏళ్ళు దాటినా ఆ గోడలు నిలిచే ఉన్నాయి. 1979లో ఆ దేశ ప్రభుత్వం దానిని చారిత్రక కట్టడాల పట్టీలో చేర్చింది. కట్టడానికి కర్రను, గడ్డిని వాడితే అగ్ని పరీక్షలో ఏమవుతుందో అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసినది మనకందరికీ తెలుసు. ఆయన మాట్లాడినది వేరే కట్టడం గురించి. ఆర్థర్ సంఘస్థులకూ ఆ వాక్యం తెలిసే ఉంటుంది.

గడ్డికి ఈ బలం ఎలా వచ్చింది? గడ్డిపరక బోలుగా ఉంటుంది, అందులో గాలి నిలిచి ఉంటుంది. కదలని గాలి గుండా వేడి త్వరగా పోలేదు. మన చలికాలపు బొంత పనిచేసేదీ ఇందుచేతనే. ఒకే మందం ఉన్న ఇటుక గోడతో పోలిస్తే గట్టిగా నొక్కిన గడ్డి గోడ వేడిని దాదాపు పది రెట్లు ఎక్కువగా ఆపుతుంది. దానిమీద లోపలి వైపు పూసిన మట్టి రాత్రి చల్లదనాన్ని పట్టుకుని పగటి వరకు ఉంచుతుంది. కరెంటు ఖర్చు లేదు.

నిప్పు మాట. విడిగడ్డి భగ్గున మండుతుంది, మాకు ఇంటివారు గుర్తు చేసింది అదే. కాని ఊకపొయ్యి వాడిన తల్లులను అడగండి. ఊకను ఎంత గట్టిగా కూరితే అంత నెమ్మదిగా కాలుతుంది. గాలి ఆడనిచోట మంట లేవదు. నొక్కి కట్టి, రెండు వైపులా పూత పూసిన గడ్డి గోడలను 2006లో అమెరికాలో కొలిమిలో పెట్టి పరీక్షించారు. మట్టి పూత గోడ ఒక గంట, సున్నం సిమెంటు కలిపిన పూత గోడ రెండు గంటలు మంటను తట్టుకున్నాయి. అసలు ప్రమాదమంతా గోడ కట్టే రోజుల్లోనే, నేలమీద విడిగడ్డి చిందరవందరగా పడి ఉన్నప్పుడు. సాయంకాలం ఊడ్చి పారబోయాలి. ఆ ఛాయలకు బీడీ రాకూడదు.

అమెరికా కథలు మనకెందుకు అంటారేమో. ఫరో ఇక గడ్డి ఇవ్వను, మీరే ఏరుకుని ఇటుకలు చేయండి, లెక్క మాత్రం తగ్గకూడదు అన్నప్పుడు ఇశ్రాయేలీయులు పడిన బాధ నిర్గమకాండము అయిదవ అధ్యాయంలో చదువుతున్నాము. మట్టిలో గడ్డి కలిపితే గోడ పగలదని మన తాతలకూ తెలుసు. అడుసులో ఊక, తరిగిన గడ్డి వేసి తొక్కి పెట్టిన గోడలు మన ఊళ్ళలో ఇంకా ఉన్నాయి. ఇటీవలి సంగతి మన హైదరాబాదు పక్కనే జరిగింది. సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న ఐ.ఐ.టి.లో, భువనేశ్వర్‌లోని కె.ఐ.ఐ.టి. వారితో కలిసి, చెరకు పిప్పి, వరిగడ్డి వంటి పొలం వ్యర్థాలను తరిగి సున్నపు ముద్దతో కలిపి అచ్చుల్లో కూరి ఇటుకలు చేశారు. 2021 సెప్టెంబరులో ఆ ఇటుకలతో కాపలాదారు గది ఒకటి కట్టి ప్రారంభించారు. ఇనుప చట్రం, మధ్యలో ఈ ఇటుకలు, పైకప్పు రేకులమీద కూడా ఇవే ఇటుకలు, గోడలకు వానకు ఆగేలా రెండు వైపులా సిమెంటు పూత. లోపల వేడి అయిదారు డిగ్రీలు తగ్గుతుందని వారు చెప్పారు. కాల్చిన మట్టి ఇటుక బరువులో ఎనిమిదో వంతే దీని బరువు. అయితే బరువు మోసే పని దీనికి పెట్టకూడదు, ఆ పని చట్రానిదే.

ఆ గది కథ విన్నాక మిత్రుడు నవ్వు మాని ప్రశ్నలు మొదలుపెట్టాడు. పోయిన క్రిస్మసుకు వచ్చినప్పుడు మా ఇంట్లో రెండు రాత్రులు ఇదే చర్చ. ఆయనకు మూడెకరాల తరి ఉంది, సాగర్ ఎడమ కాలువ కింద. మిషనుతో కోత కోయిస్తే గడ్డి పొలంలోనే పడుతుంది, దానిని ఎత్తే కూలీ గిట్టక చాలామంది నిప్పు పెడతారు. ఆయనా పెట్టాడు. ఊరిలో స్లాబు ఇల్లు కట్టాడు. ముసలి తల్లి మాత్రం వేసవిలో ఆ ఇంట్లో ఉండదు. పొద్దెక్కగానే మంచం తీసుకుని పశువుల కొట్టంలోకి వెళుతుంది. కొట్టం మట్టి గోడలది, గడ్డి కప్పుది. "ఆరు లక్షలు పెట్టి ఇల్లు కడితిని, అమ్మ బర్ల పక్కన పండుకుంటది" అని ఆయన నవ్వుతూ చెప్పాడు గాని, ఆ నవ్వు వెనుక కష్టం మాకు కనబడింది.

అందుకే ఆమెకు కొట్టం పక్కన ఒక గది వేయాలని ఆలోచన. పది అడుగులకు పన్నెండడుగులు. దాని లెక్క మేము కూర్చుని వేశాము. గోడల చుట్టుకొలత 44 అడుగులు, ఎత్తు 8 అడుగులు. తలుపు, రెండు కిటికీలు తీసివేస్తే 310 చదరపు అడుగుల గోడ మిగులుతుంది. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, పద్నాలుగు అంగుళాల ఎత్తు ఉన్న కట్టలైతే సుమారు 90 కావాలి. ఒక్కొక్కటి పదిహేను, పదహారు కిలోలు తూగాలి. అంతకన్నా తేలికైతే కట్ట వదులుగా ఉన్నట్టే. మొత్తం టన్నున్నర లోపు గడ్డి. ఎకరం, మహా అయితే ఎకరన్నర పొలం గడ్డి. నిన్నటిదాకా అగ్గిపుల్లకు పోయినది.

ఇందులో చిక్కు ఒకటుంది. మన ప్రాంతాల్లో ట్రాక్టరు వెనుక తిరిగే బేలర్లు చాలావరకు గుండ్రని చుట్టలు చుడతాయి. గోడకు అవి పనికిరావు, పలకగా కట్టే యంత్రం కావాలి. ఇంకో సంగతి, మిషను కోతలో గడ్డిలో గింజ మిగిలిపోతుంది. గింజ ఉంటే ఎలుక వస్తుంది. కట్ట కట్టకముందే దులిపి ఆరవేయాలి. బాగా ఎండిన గడ్డే కట్టాలి, తడి నూటికి ఇరవై పాళ్ళు దాటితే లోపల ముక్కుతుంది. గడ్డి చేతితో మెలితిప్పి ఎండిందో లేదో చెప్పగలవారు మీ ఇళ్ళలోనే ఉన్నారు, మేము నేర్పనక్కరలేదు.

కట్టే తీరు కొంచెం వివరంగా చెబుతాము. మనది తుపానుల దేశం గనుక గోడమీద కప్పు బరువు వేయకూడదు. ముందు నాలుగు మూలలా, మధ్యన నిట్రాళ్ళు పాతి కప్పు వేసేయాలి. కప్పు కింద నిలబడి, వాన పడినా తడవకుండా గోడ పేర్చుకోవచ్చు. రాతి అరుగు రెండడుగులకు తగ్గకూడదు, చూరు మూడడుగులు బయటికి రావాలి. పూర్వం మన ఇళ్ళకు ఎత్తయిన అరుగు, పొడుగు చూరు ఎందుకు పెట్టేవారో ఇప్పుడు అర్థమవుతుంది. అరుగుమీద తారు కాగితం వేసి, చెమ్మ పైకి ఎక్కకుండా చేసి, ఇటుక వరుస పేర్చినట్టే అతుకుమీద అతుకు రాకుండా కట్టలు పేర్చాలి. వెదురు బద్దలు దిగగొట్టి ఒకదానికొకటి కుట్టాలి. సందుల్లో గడ్డి కూరాలి. తరువాత తరిగిన గడ్డి కలిపిన మట్టి పూత మూడు సార్లు, ఒకటి ఆరాక ఒకటి, పైన సున్నం. కట్టల గోడకు ఉత్త సిమెంటు పూత, ప్లాస్టిక్ రంగు వేయవద్దు. లోపలికి చేరిన చెమ్మ బయటికి రావడానికి దారి ఉండదు. కందిలో సిమెంటు పూత వేశారు గదా అంటే, అది సున్నం కలిపిన ఇటుక, ఇది ఉత్త గడ్డి కట్ట. స్నానాల గది, వంటింటి నీళ్ళ గోడ ఇటుకతోనే కట్టుకోండి. కరెంటు తీగలు గొట్టంలో పోవాలి.

చెదలు రావా అని మిత్రుని తల్లి అడిగింది. రావని మేము చెప్పలేదు. వరిగడ్డిలో ఇసుకవంటి పదార్థం, సిలికా, ఎక్కువగా ఉంటుంది, త్వరగా కుళ్ళదు. కాని చెదలు కలప నిట్రాడికి పట్టినట్టే దీనికీ పట్టవచ్చు. రాతి అరుగు బయటివైపు శుభ్రంగా కనబడుతూ ఉంటే మట్టి గొట్టాలు ఎక్కడం కంటబడుతుంది, వెంటనే తుడిచేయవచ్చు. ఏటేటా దసరా ముందు పూత పగుళ్ళు మెత్తుకోవాలి. ఆ ఓపిక లేనివారు ఈ ఇంటి జోలికి పోకపోవడమే మంచిది. మట్టి ఇల్లు అలికి బ్రతికిన ఆ తల్లికి ఈ మాట కొత్తగా తోచలేదు.

మరి చిక్కడపల్లిలో, నారాయణగూడలో ఇలాంటి ఇల్లు కట్టవచ్చునా అని మాకు తెలిసినవారు అడుగుతున్నారు. కట్టవద్దనే అంటాము. పదిహేనడుగుల వెడల్పు స్థలంలో రెండు వైపులా అడుగున్నర గోడలు లేపితే మూడడుగులు గోడలకే పోతుంది. పక్క ఇంటి గోడ ఆనుకుని ఉంటే బయటి పూత ఎవరు పూస్తారు, చూరు ఎక్కడ దింపుతారు? పైగా హుస్సేన్ సాగర్ అలుగు నాలా అశోక్ నగర్ మీదుగానే పోతుంది. 2000 ఆగస్టులో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు ఆ నాలా పక్క ఇళ్ళలోకి నీళ్ళు వచ్చిన సంగతి ఇక్కడివారు మరువలేదు. నీట మునిగిన గడ్డి గోడను ఎవరూ బాగుచేయలేరు. ఇది ఊరికి తగిన ఇల్లు, గడ్డి పండే చోటికి తగిన ఇల్లు.

పట్నంలో ఉన్నవారు ముందు పైకప్పు చూసుకోవాలి, ఎండ ఎక్కువగా దిగేది అక్కడినుండే. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానం ఒకటి ప్రకటించింది. ఎండను తిప్పికొట్టే తెల్లని పూత, తెల్లని పలకలు కప్పులకు వేయించాలని దాని ఉద్దేశము. మా అబ్బాయి గదికి మేము చివరకు చేసినది అదే. పదకొండు సంచుల గడ్డి దించిన తరువాత ఇంటివారు మమ్మల్ని మళ్ళీ మేడ ఎక్కనిస్తారని అనుకోలేదు. వెళ్ళి క్షమాపణ అడిగి, సున్నంలో బంక కలిపి రేకులకు రెండు పూతలు వేస్తామంటే ఒప్పుకున్నారు. సిమెంటు రేకులమీద అడుగు వేస్తే విరుగుతాయి గనుక పలక పరచుకుని దానిమీదినుండి వేశాము. లోపల రేకులకు జానెడు కిందుగా తీగలు లాగి ఈత చాపలు కట్టాము. ఆ మధ్య ఖాళీలోని గాలి గడ్డి చేసే పనిలో కొంత చేస్తుంది. రెండువేల రూపాయల లోపు ఖర్చు. గడ్డి పరచినప్పుడు ఉన్నంత చల్లగా లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కాని మిట్టమధ్యాహ్నం రేకుమీద చెయ్యి ఆనించగలిగాడు. రాత్రి పదిన్నరకు గదిలో పడుకోగలుగుతున్నాడు. ఈ వేసవిలో ఆ ఇంటివారు మిగిలిన మూడు గదులకు తామే సున్నం వేయించారు.

పరీక్ష ఆ సారి పోయింది. మళ్ళీ వ్రాస్తున్నాడు.

మిత్రుడు పునాది తవ్వాడు. అరుగు రాళ్ళు దేవరకొండ వైపునుండి వచ్చాయి, నిట్రాళ్ళు పాతిన రోజు వాళ్ళ పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు. కప్పు దసరాలోగా పడుతుంది. వానాకాలం కోతలు నవంబరులో మొదలవుతాయి, పలక కట్టలు కట్టే యంత్రం ఎవరి దగ్గర ఉందో ఆయన హుజూర్‌నగర్ దాకా వాకబు చేస్తున్నాడు. దొరకకపోతే చేతితో నొక్కే చెక్క పెట్టె ఒకటి వడ్లాయనతో చేయిస్తానంటున్నాడు. మీలో ఎవరి ఊరిలోనైనా అలాంటి యంత్రం ఉంటే పత్రిక చిరునామాకు ఒక కార్డు వ్రాయండి. ముసలి తల్లి ఇప్పటికే మంచం ఏ వైపు వేయాలో చూసుకుని పెట్టుకున్నదట. కిటికీ పక్కన, బర్లు కనబడే వైపు.